స్తంభం తెరిచి ఉంది

మొన్న పెన్షన్ కోసం జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మా పాత ఆఫీసుకు పోతే, కొత్తగా కొలువులో చేరిన వార్డు ఆఫీసర్లు నలుగురు నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. టీ సగంలో ఉండగా వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "సార్, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద పని ఏంది?"

చాలాసేపు ఆలోచించాను. టీ చల్లారింది. పెద్ద పని ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చిందల్లా ఒక మెమో. ముప్పై మూడేళ్ల సర్వీసులో నాకు వచ్చిన ఒకే ఒక్క మెమో అది. 'విషయము' అన్న చోట 'స్తంభము గురించి' అని ఉంటుంది. బస్సుకు టైమవుతోందని ఆ అమ్మాయికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు, అందరూ ఇంకా ఆ ఊళ్లోనే తిరుగుతున్నారు. ఊరి పేరు కూడా రాయను. కరీంనగర్‌కు పైన, ఆదిలాబాద్‌కు కింద అనుకోండి, చాలు.

నేను నస్పూర్‌లో పుట్టాను. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. "నువ్వన్న భూమి మీద కొలువు చూసుకో బిడ్డా" అనేవాడు. అట్లా మున్సిపాలిటీలో బిల్లు కలెక్టరుగా చేరి, చివరికి వార్డు ఆఫీసర్నయ్యాను. ఆఫీసులో నాకు ఒక పేరుండేది, తెలుగు బాగా వచ్చినవాడని. జెండా పండుగకు కమిషనర్ చదివే ప్రసంగం నేనే రాసేవాణ్ని. రిటైరయ్యేవాళ్లకు సన్మాన పత్రాలూ నేనే రాసేవాణ్ని. 'అజాతశత్రువు' అనిపించుకోకుండా మా ఆఫీసులో ఎవరూ రిటైర్ కాలేదు. ఎవరితోనూ మాట్లాడని క్యాషియర్‌ను కూడా నేను అజాతశత్రువును చేశాను.

ఇంకో రెండేళ్లలో నేనూ అజాతశత్రువునయి ఇంటికి పోతాననగా, మా ఊరు స్మార్ట్ పట్టణం కావాలని నిర్ణయమైంది.

అప్పుడే కొత్తగా వచ్చిన కమిషనర్ మేడమ్‌కు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. హుషారు మనిషి. నడిస్తే వెనక మేం పరుగెత్తాల్సి వచ్చేది. మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, తన ఫోను పైకెత్తి చూపించింది.

"ఇది మన పట్టణం యాప్. ఇక మీద జనం ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఫిర్యాదైనా సలహాయైనా ఇందులోనే. వార్డులో ఏం కట్టాలో కూడా జనమే ఓటేసి చెప్తారు. ఆఫీసు మొత్తం వాళ్ల జేబులో ఉంటుంది."

నా పక్కన మా కంప్యూటర్ ఆపరేటర్ కూర్చుంది. నాకన్నా చిన్నదే అయినా ఆఫీసులో అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. ఆమె నా చెవిలో మెల్లగా అంది: "జేబుల పడ్డమంటే బచ్‌గయే సార్. బతికిపోయినం. బయటికి తీసేటోళ్లు ఉండరు."

యాప్ చేసిన కంపెనీ ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. మెనూలూ మీటల మీది మాటలూ అన్నీ ఇంగ్లీషులో రాసుకుని, వాటిని మిషను చేత తెలుగు చేయించి పంపారు. నలభై పేజీల కాగితాలు. వాటిమీద ఒక చీటీ: 'తెలుగు తెలిసిన అధికారి సరిచూసి, తప్పులు లేవని ధ్రువీకరించవలెను.' తెలుగు తెలిసిన అధికారి అంటే మా ఆఫీసులో ఎవరో చెప్పక్కర్లేదు. ఆ కట్ట నా బల్ల మీదికొచ్చింది.

అది వచ్చిన రోజు మేం వేములవాడ పోవాలి. కోడెమొక్కు బాకీ ఉంది. మా ఇంటామె మనవల్ని తీసుకుని అప్పటికే బస్టాండులో ఉంది. పావుగంటకోసారి ఫోను.

"బస్సొచ్చింది. డ్రైవరును జర ఆగుమని బతిమాలుతున్న. వస్తవా, మమ్ములనే పొమ్మంటవా?"

మొదటి పేజీ తిప్పాను. అందులో 'స్వాగతం' అని ఒకటే మాట ఉంది. తప్పు లేదు. ఈ లెక్కన మిగతా ముప్పై తొమ్మిది పేజీలూ బాగానే ఉంటాయనిపించింది. 'ఆసాంతం చదివితిని, తప్పులు లేవు' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, బస్టాండుకు ఉరికాను. ఆ సాయంత్రం కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతుంటే ఎంత హాయిగా ఉండిందో.

నెల తిరిగేసరికి యాప్ వచ్చింది. వార్డు ఆఫీసర్లం ఇల్లిల్లూ తిరిగి ఫోన్లలో ఎక్కించాలి. నేను మొదట మా వార్డులోని ఒక అవ్వ ఇంటికి పోయాను. డెబ్బై దాటిన మనిషి. జన్మంతా బీడీలు చుట్టింది, ఇప్పటికీ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని చుడుతూనే ఉంటుంది. వయోజన విద్యలో అక్షరాలు నేర్చింది కాబట్టి కూడబలుక్కుని చదువుతుంది. ఆమె ఒప్పుకుంటే వీధి వీధంతా ఒప్పుకుంటుందని నా లెక్క. కోడలి పాత ఫోనుంది. అందులో యాప్ ఎక్కించి, పేరూ ఇంటి నంబరూ నింపాను.

"ఇగ కింద పచ్చగ ఉన్నది సూడు అవ్వా. అది ఒత్తితే అయిపాయె."

అవ్వ ఫోనును కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "లొం... గి... పో... ండి." తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఎవలకు లొంగిపోవాలె?"

ఫోను లాక్కుని చూశాను. నిజమే. 'సబ్మిట్' అని ఉండాల్సిన చోట పచ్చటి మీట మీద తెల్లటి అక్షరాలతో 'లొంగిపోండి' అని ఉంది.

"అంటే... మున్సిపాలిటీకి అవ్వా" అన్నాను, నోటికొచ్చింది.

"మోరీలు తియ్యనోళ్లు మీరు. లొంగిపోవుడు నేనా? నేనేం తప్పు జేసిన కొడుకా?"

ఆమెను బతిమాలి ఒత్తించేసరికి నా చొక్కా తడిసింది. అక్కడినుంచి నాలుగిళ్ల అవతల రిటైరైన బొగ్గుగని కార్మికుడొకాయన ఉన్నాడు. మా వార్డు వాట్సాప్ గ్రూపుకు ఆయనే అడ్మిన్. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. ఆయన తనంతట తానే యాప్ ఎక్కించుకుని నాకోసం గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"తమ్మీ, నాకొక్కటి చెప్పు. గిది నన్ను 'దూకండి' అంటుంది. ఎక్కడికెల్లి దూకాలె?"

'స్కిప్' అన్నమాట. వెనక్కి పోవడానికి నొక్కే 'బ్యాక్' అన్న మీట మీద 'వీపు' అని ఉంది. 'కరెంట్ లొకేషన్' కాస్తా 'కరెంటు స్థలం' అయింది. మీ కరెంటు స్థలం ఫోటో జతచేయండి అని అడిగితే, వార్డులో సగం మంది తమ ఇంటి కరెంటు మీటరు ఫోటో తీసి పంపారు. మోరీ నిండిందన్న ఫిర్యాదుకూ మీటరే, కుక్కలు కరుస్తున్నాయన్న ఫిర్యాదుకూ మీటరే. ఒక ఇంటాయన మీటరుకు బొట్టు పెట్టి మరీ తీశాడు.

నేను ఆఫీసుకు పోయి ఆపా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఆపా, యాప్‌ల తెలుగు మార్చొచ్చునా?"

"ఎందుకు మార్చరాదు సార్? కంపెనీకి ఉత్తరం రాయాలె. వాళ్లు ఒకటే అడుగుతరు, సరిచూసినోళ్లు ఎవరని." ఆమె కంప్యూటర్లో ఒక కాగితం తెరిచి, నా సంతకాన్ని తెరంతా నిండేలా పెద్దది చేసింది. "దస్తఖత్ మాత్రం మస్తుగుంది సార్."

ఆ రోజే మేడమ్ దగ్గరికి పోయి తప్పయిందని చెప్పేస్తే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నాకు నోరు రాలేదు. తెలుగొచ్చినవాడన్న ఒక్క పేరే మిగిలింది నాకు, అదీ పోతుందని భయం. అందుకని తెలుగును మార్చడం మానేసి వార్డును మార్చడానికి పూనుకున్నాను. లొంగిపోండి అంటే పంపు అని అర్థం, వీపు అంటే వెనక్కి, దూకు అంటే వద్దు, కరెంటు స్థలం అంటే మీరున్న జాగ అని ఇల్లిల్లూ తిరిగి పాఠం చెప్పాను. జనం నాకన్నా తెలివైనవాళ్లు. మూడు వారాల్లో నేర్చేశారు. పైగా వాడడం మొదలుపెట్టారు. కిరాణా కొట్టు ముందు ఒకామె "జర అరకిలో చక్కెర లొంగిపో" అంటుంటే నా చెవులతో నేను విన్నాను. ఆటో రివర్సు తీసుకుంటుంటే పక్కవాళ్లు "వీపు, వీపు, ఇంక జర వీపు" అని చేతులూపేవాళ్లు.

ఆ తర్వాత ఓటింగ్ వచ్చింది. మా వార్డులో పాత రైసుమిల్లు పక్కన కొంత ఖాళీ జాగా ఉంది. అక్కడ ఏం కట్టాలో జనమే తేల్చాలి. పార్కా, వ్యాయామశాలా, సెల్ఫీ పాయింటా? సెల్ఫీ పాయింట్ అంటే పెద్ద ఎర్రటి గుండె బొమ్మ, దాని పక్కన ఊరి పేరు, దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు. మూడింటికీ మూడు బొమ్మలు పెట్టారు. ఇంగ్లీషులో దీన్ని 'పోల్' అన్నారు. ఓటింగ్ అన్నమాట. మిషనుకు మాత్రం పోల్ అంటే ఒక్కటే తెలుసు. ఒక శుక్రవారం పొద్దున వార్డులో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి:

'ప్రియమైన నివాసీ, మీ వార్డు స్తంభం తెరిచి ఉంది. ఆదివారంలోపు మీకు నచ్చిన స్తంభాన్ని ఎంచుకుని లొంగిపోండి. ప్రతి స్తంభమూ లెక్కించబడుతుంది.'

నా ఫోనుకూ వచ్చింది. చదివాను. నాకేమీ తప్పనిపించలేదు. నెలన్నరగా ఆ తెలుగులో బతుకుతున్నాను కాబట్టి, స్తంభం అని ఉంటే ఓటింగ్ అనే చదువుకున్నాను. అట్లా చదువుకున్నవాణ్ని ఊరు మొత్తంలో నేనొక్కణ్నే.

ఎందుకంటే ఆ మిల్లు మూలమలుపు దగ్గర రెండేళ్ల కింద ఒక వరికోత మిషను తగిలి కరెంటు స్తంభం విరిగింది. మొండెం మిగిలింది. పొద్దుగూకితే ఆ మలుపు కనిపించదు. గనుల మనిషి స్కూటరు జారి అక్కడే భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. స్తంభం కావాలని అవ్వ పదకొండు దరఖాస్తులిచ్చింది. మేం అది కరెంటోళ్ల పని అని రాశాం, కరెంటోళ్లు మా పని అని రాశారు. అట్లాంటి వార్డుకు, మీ స్తంభం తెరిచి ఉంది అని కబురొచ్చింది. గనుల మనిషి వెంటనే గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాడు, నేను అన్నీ అయ్యాక విన్నాను:

"అందరు జర మంచిగ ఇనుండ్రి. మన వార్డుకు స్తంభాలు తెరిచిండ్రు. ఆదివారం దాకనే టైము. మూడో బొమ్మల స్తంభం ఉన్నది, దాన్నే ఒత్తుండ్రి. ఒత్తి లొంగిపోండ్రి. నొక్కనోళ్లు రేపు నన్ను అడుగొద్దు."

ఆయన చెప్పింది నిజమే. సెల్ఫీ పాయింట్ బొమ్మలో ఎర్ర గుండె పక్కన, అందానికని, పొడుగాటి దీపస్తంభమొకటి వేసి ఉంది.

సోమవారం మేడమ్ నన్ను చాంబర్‌లోకి పిలిచింది. నిలబడే మాట్లాడింది, సంతోషంతో కూర్చోలేకపోతోంది. "మీ వార్డులో దాదాపు ఇంటింటి నుంచీ ఓటు పడింది! పట్టణంలో ఏ వార్డూ దరిదాపుల్లో లేదు. ఎట్లా చేశారండీ?"

"జనంల... ఉత్సాహం ఉన్నది మేడమ్."

"అందరూ సెల్ఫీ పాయింటే కోరుకున్నారు! ముసలివాళ్లు కూడా!"

ఆ మాటకు నాకూ ఒక్క క్షణం ఆశ్చర్యమేసింది. బీడీల అవ్వకు సెల్ఫీ ఎందుకు? కాలం మారిందిలే అనుకున్నాను. అనుకోవడమే గాక, హైదరాబాద్ నుంచి పెద్దసారొకాయన శంకుస్థాపనకు వస్తున్నాడంటే, మేడమ్ చదవడానికి ప్రసంగం కూడా రాసిచ్చాను. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: 'డెబ్బై ఏళ్ల అవ్వ సైతం తన చిరునవ్వును ప్రపంచంతో పంచుకోవాలని తహతహలాడుతున్న నవయుగమిది.'

కార్యక్రమానికి ముందురోజు ఆపా ఫోను చేసింది. "సార్, జర్రంత వచ్చిపోండి. మీ వార్డోళ్లు ఏమన్న యోగా నేర్చుకుంటున్నరా?"

ఓటుకు కూడా యాప్ 'కరెంటు స్థలం' ఫోటో అడిగింది, జనం పంపినవన్నీ ఎక్కడో ఒక మూల చేరాయి. ఎవరూ తెరవలేదు. ఆపా ఖాళీగా ఉండి తెరిచింది. మొదటి ఫోటోలో గనుల మనిషి మిల్లు మలుపు దగ్గర నిటారుగా, చేతులు తొడలకు అంటించి నిలబడ్డాడు. రెండో దాంట్లో ఇంకొకాయన, అదే జాగాలో, ఒక చెయ్యి రోడ్డు మీదికి చాచి. మూడో దాంట్లో ఒకామె, నెత్తి మీద బోర్లించిన బకెట్టుతో. దర్జీ పని చేసే భాయ్ ఒకాయన తన తమ్ముణ్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. తమ్ముడి చేతిలో విప్పిన గొడుగు. మా అవ్వయితే నెత్తిన ఎలుగుతున్న బ్యాటరీ లైటు పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాలి కూడా పీల్చకుండా నిలబడింది. ఒకటి కాదు, రెండు కాదు. వార్డు వార్డంతా ఆ మలుపులో వంతులవారీగా స్తంభమై నిలబడింది.

"దర్జీ భాయ్ ఎందుకు తమ్ముని ఎత్తుకున్నడు ఆపా?"

"అందరు జాగ చూపిస్తే, భాయ్ ఎత్తు చూపిస్తున్నడు సార్. స్తంభం ఎంత ఎత్తు ఉండాలెనో."

అప్పుడు అర్థమైంది నాకు. లేచి మేడమ్ చాంబర్‌కు పోయాను, ఈసారి చెప్పేద్దామనే. తలుపు తీస్తే ఆమె ఒక్కతే, అద్దం ముందు నిలబడి నేను రాసిన ప్రసంగం చదువుకుంటోంది. సరిగ్గా నవయుగం దగ్గరుంది. నన్ను చూసి, "ఈ వాక్యం దగ్గర నాకే కళ్లల్లో నీళ్లొస్తున్నాయండీ" అంది.

"అక్కడ జర నిమ్మళంగ చదవండి మేడమ్" అని చెప్పి తలుపు వేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మిల్లు మూలకు షామియానా వేశారు. ఎల్‌ఈడీ తెరున్న బండి ఒకటి వచ్చింది. పెద్దసారు వచ్చాడు, తెల్లజుట్టు, తక్కువ మాటలు. ఆయనకన్నా ముందే వార్డు మొత్తం వచ్చి ఉంది. పండగలా ఉంది. ఆడవాళ్లు పసుపు కుంకుమలు తెచ్చారు. అవ్వ కొత్త చీర కట్టుకుని, పూలదండ పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మలుపులో ఒక గుంత తవ్వి ఉంది. మేం తవ్వించలేదు.

గనుల మనిషి నన్ను పక్కకు తీసుకుపోయి చూపించాడు. ఆయనా, ఆయనతోపాటు బొగ్గుబాయిలో పనిచేసిన ముగ్గురూ కలిసి తవ్వారట. "ఐదు ఫీట్లు తమ్మీ. పక్కలు కూలకుండ చెక్కలు బిగించినం. మేం తవ్వినంక అది కూలదు. స్తంభం ఎప్పుడొస్తది?"

నేను జవాబు చెప్పేలోపే లారీ వచ్చింది. మీద కప్పిన పట్టా లాగారు. మనిషికన్నా ఎత్తుగా, నిగనిగలాడుతూ, ఎర్రటి గుండె. మా ఆఫీసువాళ్లు చప్పట్లు కొట్టారు. మా వాళ్లవి తప్ప ఇంకెవరివీ చప్పట్లు లేవు. అవ్వ లేచింది. లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వంగి కిందికి చూసింది.

"స్తంభం దీని కింద ఉన్నదా బిడ్డా?"

మేడమ్ అప్పటికే మైకు ముందుంది. వాక్యం మొదలైపోయింది, మధ్యలో ఆపడం ఆమె వల్ల కాలేదు. "డెబ్బై ఏళ్ల అవ్వ సైతం..."

"నాకెందుకమ్మా సెల్ఫీ?" అంది అవ్వ, మైకు లేకుండానే అందరికీ వినపడేలా. "నా మొకం నాకు ఎర్కలేదా? నా స్తంభమేది?"

"ఏ స్తంభం?" అన్నాడు పెద్దసారు.

అవ్వ తిన్నగా ఆయన దగ్గరికి పోయి ఫోను చేతిలో పెట్టింది. "గిండ్ల ఉన్నది సార్. మీరే రాసి పంపిండ్రు. స్తంభం తెరిచి ఉంది అని."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఏదో నొక్కాడు. "లొంగిపోండి?" అన్నాడు. ఇంకోటి నొక్కాడు. "వీపా?" తలెత్తి మా వైపు చూశాడు. "ఈ తెలుగును ఎవరు సరిచూశారు?"

ఆపా ఆకాశం వైపు చూస్తోంది. మేడమ్ ప్రసంగం కాగితంలో ఆ వాక్యాన్ని వేలితో వెతుక్కుంటోంది. ఆ ముఖం చూశాక ఇక దాచడం నావల్ల కాలేదు. బడిలో లెక్క తప్పిన పిల్లాడిలా చెయ్యి ఎత్తాను.

"నేనే సార్. చదవకుండ సంతకం పెట్టిన. మేడమ్‌కు ఇది తెల్వది. నిన్న చెప్దామనుకున్న గని ధైర్యం చాలలే."

"అసలేమీ చదవలేదా?"

"మొదటి పేజీ చదివిన సార్."

"అందులో ఏముంది?"

"స్వాగతం."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. అప్పుడు ఆపా లేచి, ఎవరినీ అడక్కుండా, ఎల్‌ఈడీ బండి దగ్గరికి పోయి తన పెన్‌డ్రైవ్ పెట్టింది. తెర మీద గనుల మనిషి ప్రత్యక్షమయ్యాడు, నిటారుగా. తర్వాత బకెట్టు ఆమె. తర్వాత గొడుగుతో దర్జీ అన్నదమ్ములు. ఎవరి ఫోటో వస్తే వాళ్ల మీద పడి వార్డంతా నవ్వింది. బ్యాటరీ లైటుతో అవ్వ కనిపించినప్పుడు పెద్దసారు కూడా జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాతి ఫోటోలో అవ్వ కోడలు. అదే మలుపు, అదే జాగా. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. రెండో చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. నవ్వులు తగ్గిపోయాయి.

"ఈమెకేమైంది?" అడిగింది మేడమ్.

"గీడనే పడ్డది" అంది అవ్వ. "బీడీల గంప దించి వస్తుంటె చీకట్ల బండోడు చూసుకోలె. నేను పదకొండు దరఖాస్తులిచ్చిన తల్లీ. పన్నెండోది గా ఫోటో."

మేడమ్ ప్రసంగాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. గుంత దగ్గరికి నడిచింది, ఈసారి మెల్లగా. వంగి లోపలికి చూసింది. అక్కడే నిలబడి, అందరూ వింటుండగా, కరెంటాఫీసులోని ఇంజనీరుకు ఫోను చేసింది. ఎవరి పని అన్న మాట అవతలివైపు నుంచి వచ్చినట్టుంది. "పని ఎవరిదో తర్వాత తేల్చుకుందాం సార్, గుంత మాత్రం మావాళ్లు తవ్వేశారు" అంది. పది రోజుల్లో స్తంభం వస్తుందని ఒప్పించింది.

"గప్పటిదాక?" అంది అవ్వ.

గనుల మనిషి లారీ మీది గుండెను చూస్తున్నాడు. తర్వాత గుంతను చూశాడు. మళ్లీ గుండెను చూశాడు.

"మేడమ్, గీ గుండెల బుగ్గలు ఉన్నయా?"

బుగ్గలంటే బల్బులు. ఉన్నాయి, లోపల వరుసగా బిగించి ఉన్నాయి. ఆయనా ఆయన స్నేహితులూ కలిసి గుండె కింది ఇనుప కాలును ఆ గుంతలోకి దించారు. చెక్కలు కొట్టి బిగించారు. దర్జీ భాయ్ తన దుకాణం నుంచి వైరు లాగాడు. పొద్దుగూకే వేళకు మీట నొక్కితే మలుపంతా ఎర్రగా అయింది. రోడ్డూ, మిల్లు గోడా, మా మొహాలూ. దారిన పోయేవాళ్లందరూ కోపంతో ఉన్నట్టు కనిపించారు. కానీ కనిపించారు. ఆ గుండె ముందు నిలబడి మొట్టమొదటి సెల్ఫీ తీసుకున్నది ఎవరో మీరు నమ్మరు. పెద్దసారు.

నాకు మెమో మూడో రోజు వచ్చింది. స్తంభం తొమ్మిదో రోజు వచ్చింది. గుండెను కొన్ని అడుగులు పక్కకు జరిపారు. ఇప్పటికీ ఆటోవాళ్లు ఆ చోటును 'గుండెకాడ' అంటారు. దానివల్ల ఒక తిప్పలొచ్చింది. గనుల మనిషి ఒకసారి అక్కడ చెప్పు తెగి బోర్లాపడి, మంచిర్యాలలో ఉన్న బిడ్డకు ఫోను చేసి "గుండెకాడ పడ్డ, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడట. బిడ్డా అల్లుడూ కారేసుకుని నేరుగా పెద్దాసుపత్రికి పోయారు.

మెమోకు నేను సంజాయిషీ రాయలేదు. 'నిజమే. చదవకుండా సంతకం చేశాను. ఏ శిక్షకైనా సిద్ధం' అని మూడు ముక్కలు రాసిచ్చాను. నా సర్వీసులో నేను రాసిన వాటిలో విశేషణాలు లేని కాగితం అదొక్కటే. మేడమ్ దాన్ని చదివి శిక్ష వేసింది: నలభై పేజీల తెలుగునూ తిరగరాయాలి. రాసింది ఆఫీసులో చూపించకూడదు, వార్డులో చూపించాలి. వాళ్లు సరేనన్నాకే కంపెనీకి పోతుంది.

నేనూ ఆపా వారం రోజులు అవ్వ అరుగు మీద కూర్చున్నాం. నేను ఒక్కో మాటా చదివేవాణ్ని. అవ్వ బీడీలు చుడుతూ తీర్పు చెప్పేది. నేను 'సమర్పించండి' అని రాసుకుపోతే, "గుడిల కొబ్బరికాయనా?" అంది. 'పంపు' అయింది. 'తిరోగమనం' అన్నాను. ఆపా నా వైపు జాలిగా చూసింది. 'వెనక్కి' అయింది. ఈ రకంగా నా తెలుగు సగానికి సగం చిక్కిపోయి, ముప్పై తొమ్మిదో పేజీకి వచ్చాం. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని చదివాను. ఇందులో తప్పేమీ లేదని నాకు గట్టి నమ్మకం.

అవ్వ చేతిలో ఆకు ఆగింది. "ఎవలన్నరు?"

"అంటే ఏందవ్వా?"

"పని అయిందని ఎవలన్నరు? మీరే చేసి మీరే అయిందంటరా? నన్నడగాలె గదా."

నేను ఆపా వైపు చూశాను. ఆపా అప్పటికే రాసుకుంటోంది. అట్లా ఆ వాక్యం పోయి, దాని జాగాలో ఒక ప్రశ్న వచ్చింది: 'పని అయ్యిందా?' దాని కింద రెండు మీటలు, 'అయ్యింది', 'కాలే'. 'కాలేదు' అని రాయబోతే అవ్వ పడనీయలేదు. ఫిర్యాదు పెట్టినవాళ్లు 'అయ్యింది' అని నొక్కితే తప్ప అది మూతపడదు. ఈ సంగతి తెలిశాక మా ఆఫీసులో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. నా సన్మాన పత్రంలో 'అజాతశత్రువు' అన్న మాట రాయలేదు. రాస్తే జనం నవ్వేవాళ్లు.

కొత్త తెలుగు వచ్చిన రోజు మొదటి ఫిర్యాదు అవ్వదే తెరిచాం, మిల్లు మూల స్తంభం సంగతి. నేనూ ఆపా అరుగు మీద ఆమెకు చెరోవైపున నిలబడ్డాం. ఫోను అడిగింది, పని అయ్యిందా అని. అవ్వ తల తిప్పి స్తంభం వైపు చూసింది. కొత్త స్తంభం, కొత్త లైటు, ఎలుగుతోంది. ఆమె వేలు చాచి 'కాలే' మీద గట్టిగా నొక్కింది.

"అదేందవ్వా! లైటు ఎలుగుతుంది గదా!"

"పొద్దుగాల పదకొండు గొట్టంగ ఎలుగుతుంది బిడ్డా. బంద్ జేసేటోడు ఎవడు?"

అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "నువ్వు కూసోని ఫోన్లు చెయ్యి. నేను చాయ్ పెడత."

లైటు ఆరేసరికి నేను మూడు చాయ్‌లు తాగాను.